పైన నిలబడే మనిషి

లతీఫా ఆటో దిగేసరికి ఇంటి తలుపులు, కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. గ్యాస్ సిలిండరు వీధి మెట్ల పక్కన నిలబెట్టి ఉంది. ఎదురింటి ప్రకాశరావు దాని దగ్గరే నిలబడి, పిల్లల్ని అటు రానివ్వకుండా చూస్తున్నాడు.

"ఏంటమ్మా ఈ వాసన?" అన్నాడు మీరా సాహెబ్ ఆటోలోంచే. పొద్దున కంటి ఆపరేషన్ అయిన మనిషి, నల్లద్దాల వెనక ఏమీ కనపడటం లేదు. అయినా కోడలి కంటే ముందు ఆయనే అడిగాడు.

"కంగారుపడకమ్మా," అన్నాడు ప్రకాశరావు. "గ్యాస్ లీకయింది. పాప సమయానికి వచ్చి రెగ్యులేటరు కట్టేసింది. గాలి ఆడుతోంది, ఇప్పుడేం భయం లేదు."

సాదియా మెట్టు మీద కూర్చుని ఉంది. స్కూలు బ్యాగు ఇంకా భుజానే ఉంది. తల్లిని చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నాన్నేడీ?" అంది లతీఫా.

"లోపలే."

"ఎప్పుడొచ్చాడు డ్యూటీ నుంచి?"

సాదియా తల్లిని కొంచెం పక్కకి లాగి, గొంతు తగ్గించి చెప్పింది.

"వీధి మొదట్లోనే వాసన వచ్చిందమ్మా నాకు. పరిగెత్తుకొచ్చాను. నాన్న పొయ్యి ముందే ఉన్నాడు. టీగిన్నె పెట్టుకుని, లైటరు చేతిలో పట్టుకున్నాడు. నొక్కబోతుంటే నేను చెయ్యి లాగేశాను."

లతీఫా కూతురి భుజాన ఉన్న బ్యాగు తీసి తను పట్టుకుంది.

"నాన్న నన్నే కోప్పడ్డాడమ్మా. ఎందుకు లాగావని అడిగాడు."

*

ఇలియాస్ నడవలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్లాంటు వాళ్లిచ్చిన నీలం చొక్కా ఇంకా విప్పలేదు.

"ట్యూబు ఎలక కొరికింది," అన్నాడు భార్య అడక్కముందే. "రేపు కొత్తది వేయిద్దాం."

"మీకు తెలియలేదా?"

"జలుబుగా ఉంది."

వానలు మొదలైనప్పటి నుంచి అదే జలుబు. లతీఫా గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. పోయిన వారం పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా పక్క గదిలో ఇతను పేపరు చదువుతూనే కూర్చున్నాడు. ఇంటి మీద ధ్యాస లేదని ఆమె దెప్పితే, ఆ మాటకి అలిగి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అంతకుముందు పులిసిపోయిన పప్పు తిని బాగుందన్నాడు. అప్పుడు నవ్వింది తను.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. మసాలా డబ్బా మూత తీసిన చప్పుడు, మళ్లీ పెట్టిన చప్పుడు నడవలోకి వినపడ్డాయి. గుప్పిట మూసుకుని తిరిగి వచ్చింది.

"కళ్లు మూసుకోండి."

"ఏంటి లతీఫా, చిన్నపిల్లల ఆటలు?"

"మూసుకోండి."

అతను మూసుకున్నాడు. ఆమె గుప్పిట అతని ముక్కు దగ్గర పెట్టింది. అతను నిదానంగా గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"లవంగం," అన్నాడు.

"సరిగా చూసి చెప్పండి."

"లవంగమే. కొంచెం పాతబడింది."

లతీఫా గుప్పిట విప్పింది. అతను కళ్లు తెరిచాడు. ఆమె అరచేతిలో ఏమీ లేదు.

బయట ప్రకాశరావు ఎవరికో ఫోన్లో ట్యూబు సంగతి చెబుతున్నాడు.

"ఎప్పటి నుంచి?" అంది చివరికి.

"ఆ రోజు నుంచి. ట్యాంకు మూత తీసినప్పుడు కళ్లు తిరిగి పడ్డానని చెప్పానే."

"ఉక్కపోతకి అన్నారు మీరు."

"గ్యాసు కొట్టింది. ఒక్కసారే, గుప్పున. కుళ్లిన గుడ్ల కంపు. అదే ఆఖరు. ఆ తర్వాత ఇంకేదీ రాలా."

"చెప్పలేదేం?"

"కరోనాలో కూడా పోయింది కదా. నెల తిరక్కుండా వచ్చేసింది. అలాగే ఇదీ వస్తుందనుకున్నా. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకుంటూ ఉన్నా." అతను మొహం తిప్పుకున్నాడు. "అమ్మ పోయిన రోజు బాగా తెలిసింది, ఇక రాదని. స్నానం చేయించి, కర్పూరం, అత్తరు వేసి తీసుకొచ్చారు. ఆ వాసనకే కదా అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. నేను తల దగ్గరే ఉన్నా. నాకేం లేదు. అమ్మని మోస్తున్నట్టు లేదు, ఖాళీ సందూకు ఏదో మోస్తున్నట్టుంది."

లతీఫా మంచం అంచున కూర్చుంది. అతని భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. అంతలోనే ఇంకో సంగతి తట్టి, ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ప్లాంటులో గుంటలోకి దిగేది అజహర్ కదా?"

అతను చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు.

"నా తమ్ముడు దిగుతుంటే పైన నిలబడేది మీరే కదా?"

"గ్యాసు చూపించే మీటరు ఉంటుంది. వాసనతో పని లేదు."

"ఉందా మీటరు?"

"రిపేరుకి పంపారు. వచ్చేస్తుంది."

ఆ గుంట సంగతి లతీఫాకి ఇతను చెప్పిందే. గుడివాడ అవతల, నందివాడ రోడ్డులో ప్లాంటు. వరిగడ్డిని ముక్కలు చేసి, నూకలతో స్పిరిట్ తీసే డిస్టిలరీ నుంచి ట్యాంకర్లలో వచ్చే పులిసిన మడ్డిని అందులో పోసి, ఆ గుంటలో కలుపుతారు. అక్కడి నుంచి పంపు లాగి పెద్ద ట్యాంకుల్లోకి పంపుతుంది. అక్కడ మురిగి గ్యాసవుతుంది. అప్పుడప్పుడు గడ్డి పీచు పంపు నోట్లో అడ్డుపడుతుంది. అప్పుడు గుంట ఖాళీ చేసి, బ్లోయరుతో గాలి కొట్టి, ఒకళ్లు నడుముకి తాడు కట్టుకుని దిగాలి. లోపల చెడ్డ గ్యాసు ఉందేమో చూసి, దిగొచ్చో లేదో చెప్పాల్సింది పైన నిలబడే మనిషి.

"రేపు వెళ్లి చెప్పేయండి," అంది.

"చెప్తే? ముక్కు లేని మనిషి అక్కడ దేనికి పనికొస్తాడు లతీఫా? చిలకలపూడిలో గిల్టు నగల పని పోయాక ఎన్నాళ్లు ఖాళీగా తిరిగానో నువ్వు చూశావుగా. ఈ కోతలు అయిపోనీ. గడ్డి యార్డులోకి మార్చమని నేనే అడుగుతా."

"కోతలు అయ్యేలోపు అజహర్ ఎన్నిసార్లు దిగుతాడు?"

"వాణ్ణి నేను నీకంటే తక్కువ చూస్తానా?"

"చూడటం కాదు. మీకు తెలియదు. ఇవాళ సొంత పొయ్యి దగ్గరే తెలియలా."

ఆ మాట అన్నాక అనకుండా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. అతను లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కుళాయి తిప్పిన శబ్దం వినిపించింది. కడుక్కోవడానికి ఏమీ లేదు. ఊరికే నీళ్లు పోతున్నాయి.

వరండాలో కుర్చీలో కూర్చున్న మీరా సాహెబ్ అన్నీ విన్నాడు. లతీఫా మందు చుక్కలు వెయ్యడానికి వెళ్తే, తల వెనక్కి వాల్చి, మెల్లగా అన్నాడు.

"నాకు చూపు తగ్గుతోందని మీకు చెప్పడానికి నాకెన్నాళ్లు పట్టిందో గుర్తుందా? గోడలు పట్టుకుని తిరిగాను గానీ నోరు విప్పలేదు."

"మీరు గోడకి గుద్దుకుంటే మీకే తగిలేది మావయ్యా."

ముసలాయన నల్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"నిజమే. అందుకే నిన్ను వద్దనడం లేదమ్మా," అన్నాడు.

*

తెల్లవారి ఇలియాస్ ప్లాంటు వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు. ఆమె సర్దిన క్యారేజీ గూట్లోనే ఉంది.

లతీఫా సాదియాని స్కూలుకి పంపి, మామకి టిఫిన్ పెట్టి, బందరులో గుడివాడ వెళ్లే ప్యాసింజరు ఎక్కింది. పెడన దాటాక రెండు వైపులా కోసిన చేలు. మిషన్లు చుట్టిన గడ్డి కట్టలు మడుల్లో పడి ఉన్నాయి. వాటిని లారీలకి ఎత్తుతున్నారు. ఆ పనిలో చేరిన కొత్తల్లో ఒకసారి ఇలాగే రైల్లో వెళ్తూ ఇలియాస్ ఆమెకి కిటికీలోంచి చూపించాడు. "మొన్నటిదాకా ఈ గడ్డి తగలబెట్టేవాళ్లు. ఇప్పుడదంతా మా దగ్గరికే వస్తుంది. రేపు బందరు ఆటోలన్నీ దీని మీదే నడుస్తాయి చూడు," అన్నాడు. ఆ రోజు అతని మొహంలో ఉన్న వెలుగు తర్వాత ఆమె మళ్లీ చూడలేదు.

అజహర్ గుడివాడలో స్టేషన్‌కి దగ్గర్లోనే ఒక వాటాలో భార్య మెహక్‌తో అద్దెకుంటున్నాడు. అతనికి పదింటికి డ్యూటీ. అక్కని గుమ్మంలో చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఆపేశాడు.

"మావయ్య కన్ను బాగానే ఉందా అక్కా?"

"బాగుంది. నీతో మాట్లాడాలి. మెహక్ ఏది?"

"వంటింట్లో."

ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. లతీఫా రైల్లో అంతసేపు కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. నేరుగా చెప్పేసింది.

"మీ బావకి వాసన తెలియడం లేదురా."

అజహర్ నేల చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఎందుకని అడగలేదు. చెప్పుల పట్టీ సరిచేసుకున్నాడు.

"తెలుసక్కా," అన్నాడు.

లతీఫాకి ముందు అర్థం కాలేదు.

"నీకు తెలుసా?"

"నాకు తెలుసని బావకి తెలియదు. నువ్వు చెప్పకు."

"తెలిసి ఎలా దిగుతున్నావురా?"

"ఏముంది. ముందు పై మెట్టు మీద ఆగుతా. నేనే వాసన చూసుకుంటా. కొంచెం తేడాగా ఉంటే తాడు బిగుసుకుందనో, చెప్పు జారిందనో చెప్పి పైకొచ్చేస్తా. బావ నన్ను నాలుగు తిట్టి ఇంకాసేపు బ్లోయరు పెట్టిస్తాడు. అప్పుడు దిగుతా." చిన్నగా నవ్వబోయాడు. "నా అంత వంకలోడు ఎవడూ లేడని ప్లాంటులో కోటిలింగం అన్న దగ్గర మొత్తుకుంటాడు బావ."

"నీకు కూడా తెలియని రోజొస్తే?"

అతను మళ్లీ చెప్పుల పట్టీ మీదకి వంగాడు.

"అడుగుతున్నాను."

"గ్యాసు మరీ ఎక్కువుంటే ముక్కు పనిచెయ్యడం మానేస్తుందన్నారు ట్రైనింగులో. వాసన లేదు కదా అని దిగుతాం. అందుకే మీటరు పెట్టుకోమంటారు."

"మీటరేదీ?"

"రిపేరుకి పంపారక్కా. వచ్చేస్తుంది."

నిన్న భర్త నోట విన్న మాటే ఇది. లతీఫా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాన్న పోయినప్పుడు నాకు ఊహ కూడా సరిగా తెలియదు," అన్నాడు అజహర్. "నిన్ను చేసుకున్నందుకు నన్ను కూడా చూడాల్సిన పనేం లేదు బావకి. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడు. ఐటీఐలో చేర్పించాడు. ఈ పనిలో పెట్టించాడు. ఆయన ఒక్క సంగతి దాచుకుంటే, దాన్ని నేను పట్టుకెళ్లి ఆఫీసులో పెట్టనా?"

లోపల పొయ్యి మీద ఏదో చిటపటలాడుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. మెహక్ గుమ్మంలోకి వచ్చింది. ఏడో నెల. తలుపు పట్టుకుని నిలబడింది. ఎంతవరకు విందో తెలియదు గానీ మొహం పాలిపోయి ఉంది.

"రోజూ వచ్చి చొక్కా బకెట్లో పడేస్తారు," అంది భర్తతో. "కంపు కొడుతోందంటే, కొట్టడమే మంచిదిలే అంటారు. అంటే ఇదేనా?"

"మెహక్, నువ్వు లోపలికి వెళ్లు."

ఆమె కదల్లేదు. లతీఫా వైపు తిరిగింది. "వదినా, ఆయన చెప్పరు. అన్నయ్య గారూ చెప్పరు. మీరు చెప్తారా, నన్ను రమ్మంటారా?"

*

అజహర్ బండి మీద వెనక కూర్చుని లతీఫా ప్లాంటుకి వెళ్లింది. దారిలో అతను ఒకటి రెండుసార్లు, "నేనే మెల్లగా బావతో మాట్లాడతానక్కా," అన్నాడు. ఆమె వినపడనట్టే ఊరుకుంది.

గేటు లోపల గడ్డి కట్టలు మేడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక ఆకుపచ్చ డోములు. మడ్డి ట్యాంకరు ఒకటి కలిపే గుంట దగ్గర ఆగి ఉంది. పుల్లటి కంపు ఆవరణంతా కమ్మేసి ఉంది. ఇంత కంపులో ఆ మనిషి ఏమీ తెలియకుండా నిలబడి ఉంటున్నాడన్న ఊహకి ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కోటిలింగం ఎదురొచ్చాడు. ఇలియాస్‌తో పాటే చేరిన మనిషి. ఇంటికి రెండు మూడుసార్లు భోజనానికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇలా వచ్చావు? పాప బాగా చదువుతోందా?" అని అడిగి, ఆఫీసు వరండాలో కుర్చీ తుడిచి వేశాడు. "ఇలియాస్ అక్కడున్నాడు, పిలవనా?"

"వద్దు అన్నయ్యా. గిరిధర్ గారితో పనుంది."

గిరిధర్ పామిడిముక్కల వైపు రైతు కుటుంబం వాడు. తండ్రి రత్తయ్య పొలం చూసుకుంటుంటే, ఇతను చదువుకుని వచ్చి ఈ ప్లాంటు పెట్టాడు. నెమ్మదైన మనిషని పేరు. లతీఫా చెప్పిందంతా మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. విన్నాక మనిషిని పంపి ఇలియాస్‌ని పిలిపించాడు.

ఇలియాస్ హెల్మెట్ చేతిలో పట్టుకుని లోపలికొచ్చాడు. భార్యని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"మీ ఆవిడ చెప్పేది నిజమేనా ఇలియాస్?"

"లేదు సార్. నిన్న ఇంట్లో గ్యాస్ లీకయింది. భయపడిపోయింది. ఏదేదో ఊహించుకుంటోంది."

"మీకు వాసన తెలుస్తుందా?"

"తెలుస్తుంది సార్. కావాలంటే అజహర్‌ని అడగండి. రోజూ నా పక్కనే ఉంటాడు."

గిరిధర్ కిటికీలోంచి అజహర్‌ని పిలిచాడు. అజహర్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. నడుముకి బెల్టు కట్టుకుని ఉన్నాడు.

"మీ బావగారికి వాసన తెలుస్తుందా అజహర్? ఆలోచించుకుని చెప్పు."

అజహర్ ఆలోచించుకోలేదు.

"తెలుస్తుంది సార్," అన్నాడు.

లతీఫా కళ్లు మూసుకుంది. అంతా అయిపోయిందనుకుంది. గిరిధర్ ఊపిరి పీల్చుకుని ఏదో అనబోయాడు.

ఇలియాస్ మాత్రం బావమరిది మొహమే చూస్తున్నాడు. ఇలాంటి ప్రశ్న ఎందుకు అడుగుతున్నారని వీడు అడగాలి కదా. బిత్తరపోవాలి కదా. ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్న మాటలా అంత గబుక్కున ఎలా చెప్పాడు?

"నీకెప్పటి నుంచి తెలుసురా?" అన్నాడు.

అజహర్ తల దించుకున్నాడు.

"చెప్పు."

"అత్తమ్మ పోయిన రోజు నుంచి బావా." నడుము బెల్టు సర్దుకున్నాడు. "అందరూ ఏడుస్తుంటే, అత్తరు వేశారా అని నన్ను అడిగావు."

ఇలియాస్ హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు. చెప్పు జారిందని, తాడు బిగుసుకుందని వీడు పైకొచ్చిన రోజులన్నీ అతనికి ఒక్కసారిగా అర్థమయ్యాయి. అలా వచ్చిన ప్రతిసారీ అందరి ముందూ తిట్టాడు వీణ్ణి. వీడు నవ్వుతూ పడ్డాడు.

"నాకు రావడం లేదు సార్," అన్నాడు గిరిధర్‌తో. "వానాకాలం నుంచీ రావడం లేదు. ఆవిడ చెప్పింది నిజం."

గిరిధర్ మొహం ఎర్రబడింది.

"మనిషి ప్రాణంతో పని ఇలియాస్ ఇది. ఒకరు దాచారు. ఒకరు నా మొహం మీదే అబద్ధం చెప్పారు. ఇద్దర్నీ నేను లోపల ఉంచలేను. ఇవాళ్టి నుంచి రావద్దు."

"అజహర్‌ని వదిలెయ్యండి సార్. వాడి భార్యకి ఏడో నెల. తప్పు నాది."

"ఇప్పుడు అబద్ధం చెప్పింది ఎవరు?"

లతీఫా లేచి నిలబడింది. ఆమె అడగాలనుకుని వచ్చింది ఇది కాదు.

"గిరిధర్ గారూ, మీటరు ఎవరు బాగు చేయించాలండీ?"

"అది వేరే విషయం అమ్మా."

"అదే విషయమండీ. మీటరు ఉంటే మా ఆయన ముక్కుతో ఎవరికీ పని ఉండేది కాదు. మా తమ్ముడు ఈ అబద్ధం చెప్పేవాడు కాదు."

గిరిధర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రేపో ఎల్లుండో వస్తుంది. అప్పటిదాకా గుంటలోకి ఎవరూ దిగొద్దని చెప్తాను," అన్నాడు. ఇంతలో బల్ల మీద ఫోను మోగింది. ట్యాంకరు వాళ్లు. ఎంతసేపు ఆపుతారని అవతల ఎవరో గట్టిగా అరుస్తున్నారు. వాళ్లకి సర్దిచెబుతూనే, ఇక వెళ్లమని చేత్తో చూపించాడు.

*

ముగ్గురూ గేటు బయటికొచ్చారు. అజహర్ బెల్టు లోపల ఇచ్చేసి వచ్చాడు. బండి స్టాండు తియ్యకుండా దాని మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. మెహక్‌కి ఏమని చెప్పాలో ఆలోచిస్తున్నట్టున్నాడు.

"నన్ను తిట్టరా," అన్నాడు ఇలియాస్.

"ఎందుకు బావా?"

"తిట్టు. నేను నిన్ను అన్నిసార్లు తిట్టాను."

అజహర్ బావ భుజం మీద చెయ్యి వేశాడు. ఇలియాస్ ఆ చెయ్యి తియ్యలేదు. లతీఫా వాళ్లకి కొంచెం దూరంగా, ఎండలో నిలబడి ఉంది. ఇద్దరిలో ఎవరైనా ఒక్కసారి తన వైపు చూస్తారేమో అనుకుంది. చూడలేదు.

"నేను చెప్పకపోతే ఏమయ్యేదో..." అని మొదలుపెట్టింది.

"తప్పు చేశావని నేనన్నానా?" అన్నాడు ఇలియాస్ అటు తిరిగే. "నాకు చెప్పకుండా వచ్చావు. అంతే."

"మీరు క్యారేజీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు."

అతను ఏదో అనబోయి ఆగిపోయాడు. కంచె లోపలికి చూస్తున్నాడు.

కలిపే గుంట దగ్గర ట్యాంకరు పైపు వేసి ఉంది. పక్కన పంపు, పీచు అడ్డుపడినట్టుంది, ఆగిపోయి ఉంది. బ్లోయరు ఇంకా గడ్డి షెడ్డు దగ్గరే ఉంది, ఎవరూ అక్కడి నుంచి కదపలేదు. గుంట అంచున ఇద్దరు మనుషులు. ఒకడు మొన్న చేరిన కుర్రాడు హేమంత్. తాడు కొస పట్టుకుని నిలబడ్డాడు. రెండో మనిషి వంగి నడుముకి ఆ తాడు కట్టుకుంటున్నాడు.

"కోటిలింగం," అన్నాడు ఇలియాస్.

"ఎవరూ దిగొద్దని చెప్తానన్నారు కదా," అంది లతీఫా.

"ఫోన్లో ఉన్నాడు ఆయన. ఎవరికి చెప్పాడు?" ఇలియాస్ అప్పటికే గేటు వైపు నడుస్తున్నాడు. "కొత్త మడ్డి పోశారు. పాతదాని మీద కొత్తది పడితే గ్యాసు ఎక్కువ లేస్తుంది. కోటిలింగానికి ఆ పని తెలియదు. వాడెప్పుడూ దిగలేదు."

గేటు దగ్గర వాచ్‌మన్ బాబ్జీ అడ్డం వచ్చాడు. రోజూ నమస్కారం పెట్టే మనిషి. ఇవాళ మొహంలోకి చూడలేకపోతున్నాడు.

"మిమ్మల్ని లోపలికి రానివ్వొద్దని ఇప్పుడే చెప్పారు ఇలియాస్ గారూ. నా ఉద్యోగం పోతుంది."

"గేటు తియ్యి బాబ్జీ. నేను లోపల ఉండను. వాణ్ణి ఆపి వచ్చేస్తా."

"సార్‌కి ఫోన్ చేసి అడుగుతానుండండి."

బాబ్జీ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల లైను ఖాళీ లేదు. మళ్లీ కలిపాడు. అజహర్ బండి వదిలేసి కంచె ఎక్కడ తగ్గుగా ఉందో చూస్తూ పరిగెత్తాడు. లతీఫా గేటు ఊచలు పట్టుకుని బాబ్జీని ఏమని బతిమాలిందో ఆమెకే తెలియదు.

ఇలియాస్ కంచెకి ఆనుకుని గొంతెత్తి పిలిచాడు. గడ్డి కోసే మిషను రొదలో ఆ పిలుపు అవతలికి చేరలేదు. రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపాడు. దిగొద్దని, ఆగమని, మళ్లీ మళ్లీ ఊపాడు.

కోటిలింగం తల తిప్పి చూశాడు. ఇలియాస్‌ని పనిలోంచి తీసేశారన్న మాట అప్పటికే అతని దాకా వచ్చింది. పాత స్నేహితుడు వెళ్తూ వెళ్తూ చెయ్యి ఊపుతున్నాడనుకున్నాడు. అతనూ చెయ్యెత్తి, కొంచెంసేపు అలాగే ఉంచి, ఊపాడు.

తర్వాత వెనక్కి తిరిగి, నిచ్చెన మీద కాలు పెట్టాడు.